అద్దంలో లారీ ఎంత దూరంలో ఉంది?

ఈసారి గోడపత్రికలో నా వంతు వచ్చిందంటే అందరూ కవితో, కథో ఇస్తాననుకున్నారు. నేను ఇస్తున్నది అద్దాల లెక్క. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఫిజిక్స్ ఏంటికి అని అడిగేవాళ్ళకు ముందే జవాబు చెప్తున్నా: నా కుడి మోచేతి మీద ఉన్న మచ్చే కారణం.

పోయిన దసరా సెలవుల్లో ఒక పొద్దున నాయన బండి తీసుకొని పాలకు పోయినా. హోస్పేట రోడ్డు మీద నుంచి కుడి వైపు మా వీధిలోకి తిరగాలి. ఇండికేటర్ వేశాను, కుడి అద్దంలో చూశాను. వెనక ఖనిజం లారీ ఒకటి చిన్నగా, బాగా దూరంగా కనిపించింది. ఇంకా టైముందిలే అనుకొని తిప్పేశా. అంతే, చెవి పక్కనే హారన్. బ్రేకు చప్పుడు. లారీ నాకు చేతికందేంత దూరంలో ఆగింది. భయంతో బండితో సహా నేను కింద పడ్డా. మోచేయి గీరుకుపోయింది, పాల ప్యాకెట్లు పగిలాయి, ఇంకేం కాలేదు. డ్రైవరన్న దిగొచ్చి బండి లేపి ఇచ్చి, "అద్దం చూడవా తల్లీ?" అన్నాడు. "చూసినా అన్నా" అన్నాను. అది అబద్ధం కాదు.

ఇంటికొచ్చాక నాయన కూడా అదే మాట. "అద్దంలో చూసినావు గదా, మల్ల ఎట్ల తిప్పినావు?"

"దూరంగా ఉండె నాయనా."

అమ్మ మాత్రం కన్నడంలో ఒక్క మాటే అంది, "ఇన్మేలె తిరిగి నోడు." ఇకమీదట వెనక్కి తిరిగి చూడు, అని. ఆ మాటలో ఎంత ఫిజిక్స్ ఉందో నాకు నెల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఎందుకంటే ఆ పాఠం నేను చదవనిది కాదు. పదో తరగతిలో "కుంభాకార దర్పణంలో ప్రతిబింబం ఎప్పుడూ మిథ్యా ప్రతిబింబం, నిటారుగా ఉంటుంది, వస్తువు కంటే చిన్నది" అని రాసి, ఆ ప్రశ్నకు నిండా మార్కులు తెచ్చుకున్నా. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికొస్తుంది. కానీ ఆ "చిన్నది" అన్న మాట నా బండి అద్దం గురించేనని ఎప్పుడూ తోచలేదు.

ఒకే అద్దం, రెండు పేర్లు

మా చెల్లెలు ఇప్పుడు పదో తరగతి, కన్నడ మీడియం. నేను పది దాకా తెలుగు మీడియం. సెలవులయ్యాక అది ఇదే పాఠం తెచ్చుకొని నా దగ్గర కూర్చుంది. "అక్కా, నిమ్న దర్పణ లెక్క చెప్పు" అంది. నాకు నిమ్న అంటే ఏదో తెలియలేదు. "పుటాకారమా, కుంభాకారమా?" అన్నాను. దానికి అవి తెలియవు. ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం.

తర్వాత మాటల్ని విప్పి చూస్తే పని సులువైంది. పుటం అంటే దొప్ప. ఆకు దొప్ప లోపలి వైపు ఎట్లా గుంటగా ఉంటుందో, అట్లా గుంటగా ఉన్న వైపు మెరిసే అద్దం పుటాకార దర్పణం. కన్నడం వాళ్ళ నిమ్న కూడా అదే. నిమ్నోన్నతాలు అంటే పల్లాలూ మిట్టలూ అని మనకు తెలుసు గదా, నిమ్నం అంటే పల్లం. ఇక కుంభం అంటే కుండ. కుండను బయటి నుంచి చూస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, అదే కుంభాకార దర్పణం. కన్నడంలో దాన్ని పీన దర్పణ అంటారు. పీనం అంటే బలిసినది, ఉబ్బినది. నాలుగూ సంస్కృతం మాటలే. తెలుగు పుస్తకం రాసినవాళ్ళు వస్తువుల్ని చూసి పేరు పెట్టారు, కన్నడ పుస్తకం రాసినవాళ్ళు ఆకారాన్ని చూసి పెట్టారు. ఒక్క జాగ్రత్త: కుండను లోపలి నుంచి చూస్తే అదీ గుంటే. పేరు పెట్టింది బయటి వైపుకని గుర్తు పెట్టుకోవాలి.

ఇంట్లో ఈ రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి. స్టీలు గరిట తీసుకోండి. లోపలి వైపు పుటాకారం, వెనక వైపు కుంభాకారం. వెనక వైపు చూస్తే మొహం నిటారుగా, చిన్నగా ఉంటుంది. లోపల చూస్తే తలకిందులు. ఇప్పుడు లోపలి వైపుకే వేలి కొన తీసుకుపోయి దాదాపు ఆనించండి. వేలు నిటారుగా, పెద్దగా కనిపిస్తుంది. మెల్లగా వెనక్కి జరపండి. ఒకచోట చెదిరిపోయి, ఆ తర్వాత తలకిందులవుతుంది. ఒకే గుంట అద్దం ఇన్ని వేషాలు ఎందుకు వేస్తుందో చెప్పేదే ఈ పాఠం.

ముందు నాలుగు మాటలు

అద్దాన్ని ఒక పెద్ద గాజు బంతి నుంచి కోసిన ముక్క అనుకోండి. ఆ బంతి నడిమధ్య బిందువు వక్రతా కేంద్రం. అద్దం నడుమ బిందువు ధ్రువం. ఈ రెండింటినీ కలిపే గీత ప్రధానాక్షం. చాలా దూరం నుంచి, అక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలు పుటాకార దర్పణం మీద పడి తిరిగొచ్చి ఒకచోట కలుస్తాయి. ఆ చోటు నాభి. ధ్రువం నుంచి నాభి దాకా ఉన్న దూరం నాభ్యంతరం. అది వక్రతా వ్యాసార్ధంలో సగం. కుంభాకార దర్పణంలో ఆ కిరణాలు కలవవు, విచ్చుకుంటాయి. కానీ వాటిని వెనక్కి పొడిగిస్తే అద్దం వెనక ఒకచోట నుంచి బయల్దేరినట్టు ఉంటాయి. దానికి నాభి అక్కడ.

ప్రతిబింబం ఎక్కడుందో కనుక్కోవాలంటే వస్తువు కొన నుంచి రెండు కిరణాలు గీస్తే చాలు. ఒకటి అక్షానికి సమాంతరంగా పోయి నాభి గుండా తిరిగొస్తుంది. రెండోది నాభి గుండా పోయి సమాంతరంగా తిరిగొస్తుంది. రెండూ నిజంగా కలిస్తే అక్కడ నిజ ప్రతిబింబం. అక్కడ కాగితం పెడితే బొమ్మ పడుతుంది. కలవకుండా విచ్చుకుంటే, చుక్కల గీతలతో అద్దం వెనక్కి పొడిగించి కలిపేది మిథ్యా ప్రతిబింబం. అక్కడ కాగితం పెట్టినా ఏమీ పడదు, ఎందుకంటే వెలుగు అక్కడికి పోనే లేదు. కంటికి మాత్రం అక్కడ నుంచే వచ్చినట్టు అనిపిస్తుంది.

సూత్రం, మైనస్ గుర్తు

బొమ్మ గీసి స్కేలుతో కొలిచే పనిని సూత్రం అంకెల్లో చేసి పెడుతుంది:

1/ఎఫ్ = 1/వి + 1/యు

యు అంటే అద్దం నుంచి వస్తువు దూరం. వి అంటే ప్రతిబింబం దూరం. ఎఫ్ అంటే నాభ్యంతరం. దూరాలన్నీ ధ్రువం నుంచే కొలవాలి. వెలుగు పోయే దిక్కులో కొలిస్తే ప్లస్, ఎదురు దిక్కులో కొలిస్తే మైనస్. ఇంటి భాషలో చెప్పాలంటే అద్దం ముందు ఉన్నవన్నీ మైనస్, అద్దం వెనక ఉన్నవన్నీ ప్లస్. కాబట్టి యు ఎప్పుడూ మైనస్. పుటాకారానికి ఎఫ్ మైనస్, కుంభాకారానికి ప్లస్.

రెండో సూత్రం ఆవర్ధనానిది, అంటే ప్రతిబింబం ఎత్తు వస్తువు ఎత్తుకు ఎన్ని రెట్లు అని:

ఎమ్ = − వి/యు

ఇది ఎక్కడ నుంచి వచ్చిందో మాకు బడిలో చెప్పలేదో, నేనే వినలేదో. వస్తువు కొన నుంచి ఒక కిరణాన్ని నేరుగా ధ్రువానికి పంపండి. అక్షం పైన ఎంత కోణంలో వచ్చిందో, అక్షం కింద అంతే కోణంలో తిరిగిపోతుంది. పైన ఒక త్రిభుజం, కింద ఒక త్రిభుజం, రెంటికీ కోణాలు ఒకటే. అందుకే ఎత్తుల నిష్పత్తి దూరాల నిష్పత్తికి సమానం. పైన ఉన్న కొన కిందికి పోయింది కాబట్టి మైనస్. ఎమ్ ముందు మైనస్ వస్తే ప్రతిబింబం తలకిందులు, ప్లస్ వస్తే నిటారు. అంకె 1 కంటే పెద్దదైతే పెద్ద బొమ్మ, చిన్నదైతే చిన్న బొమ్మ.

చూడండి, ఇక్కడ ప్రశ్నలు రెండున్నాయి. ప్రతిబింబం ఎక్కడుంది? దానికి వి జవాబు. ఎంతుంది, ఎట్లా ఉంది? దానికి ఎమ్ జవాబు. ఈ రెండింటినీ నేను రోడ్డు మీద కలిపేశాను. అందుకే పడ్డాను. అది తర్వాత చెప్తా.

నాయన గడ్డం అద్దం

చెల్లెలికి ఈ సూత్రం కాగితం మీద తలకెక్కలేదు. నాయన గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం తెచ్చాం. ఒక వైపు మామూలు అద్దం, తిప్పితే మొహాన్ని పెద్దగా చూపించే పుటాకారం.

ముందు నాభ్యంతరం కావాలి. మా మిద్దె మీది గది కిటికీలోంచి కోట ఉన్న గుట్ట కనిపిస్తుంది. గదిలో లైటు ఆర్పి, కిటికీకి ఎదురుగా అద్దం పెట్టి, దాని ముందు ఒక పోస్టుకార్డు పట్టుకొని ముందుకూ వెనక్కూ జరిపాం. కార్డును కొంచెం పక్కకు పట్టుకోవాలి, లేకపోతే అదే వెలుగుకు అడ్డమవుతుంది. ఒకచోట మసక విడిపోయి, కార్డు మీద గుట్ట పడింది. రంగుల్లో, తలకిందులుగా, ఆకాశం కింద, గుట్ట పైన. చెల్లెలు అరిచిన అరుపుకు అవ్వ కింద నుంచి "ఏమైందే?" అని కేకేసింది. టేపుతో కొలిస్తే అద్దానికీ కార్డుకూ మధ్య సుమారు 45 సెంటీమీటర్లు. గుట్ట చాలా దూరం కాబట్టి 1/యు దాదాపు సున్నా. అంటే వి, ఎఫ్ ఒకటే. నాభ్యంతరం 45 సెంటీమీటర్లు.

తమిళనాడు కావలూరులో వేణు బప్పు పేరు మీద ఉన్న టెలిస్కోపు చేసే పని కూడా మొదట ఇదే. దాని అద్దం 2.34 మీటర్ల వెడల్పు పుటాకారం. నక్షత్రం దూరం ముందు మన గుట్ట దూరం ఎంత? నక్షత్రాల వెలుగును అద్దం తన నాభి దగ్గరికి పోగు చేస్తుంది. మా పోస్టుకార్డు ఉన్న చోటే అది.

ఇప్పుడు అద్దం ముందు మొహం ఎక్కడ పెడితే ఏమవుతుందో లెక్క కట్టాం. ఎఫ్ = −45.

మొహం 30 సెంటీమీటర్ల దూరంలో: యు = −30. 1/వి = −1/45 + 1/30 = 1/90. వి = +90. ఎమ్ = +3. ప్రతిబింబం అద్దం వెనక 90 సెంటీమీటర్ల దగ్గర, నిటారుగా, మూడు రెట్లు. నాయన గడ్డం గీసుకునేది ఈ దూరంలోనే.

వస్తువు 60 సెంటీమీటర్ల దూరంలో: 1/వి = −1/45 + 1/60 = −1/180. వి = −180. ఎమ్ = −3. మళ్ళీ మూడు రెట్లే, కానీ ఈసారి తలకిందులు, అదీ అద్దం ముందు 180 సెంటీమీటర్ల దగ్గర.

90 సెంటీమీటర్ల దూరంలో: వి = −90. ఎమ్ = −1. ఉన్నచోటే, ఉన్నంతే, తలకిందులు. ఇదే వక్రతా కేంద్రం.

135 సెంటీమీటర్ల దూరంలో: వి = −67.5. ఎమ్ = −1/2. మనకూ అద్దానికీ మధ్య గాలిలో, సగం ఎత్తులో, తలకిందులు.

సరిగ్గా 45 దగ్గర పెడితే 1/వి సున్నా అవుతుంది. కిరణాలు సమాంతరంగా పోతాయి, ఎక్కడా కలవవు. గరిటలో వేలు చెదిరిపోయిన చోటు ఇదే. గరిటకు నాభ్యంతరం కొద్ది సెంటీమీటర్లే కాబట్టి మన మొహం ఎప్పుడూ దానికి అవతలే ఉంటుంది. అందుకే గరిట లోపల మనం తలకిందులం.

60 సెంటీమీటర్ల లెక్కను కరెంటు పోయిన రాత్రి పరీక్ష చేశాం. అద్దానికి 60 సెంటీమీటర్ల దూరంలో కొవ్వొత్తి, 180 దగ్గర గోడ. అద్దాన్ని కొంచెం వాల్చేసరికి గోడ మీద మంట పడింది, జానెడుకు దగ్గరగా, తలకిందులుగా కిందికి మండుతూ. చెల్లెలు ఊదితే గోడ మీది మంట కూడా ఊగింది. ఇది చేసేవాళ్ళకు ఒక మాట: ఈ అద్దాన్ని ఎప్పుడూ ఎండకు ఎదురుగా పెట్టొద్దు. నాభి దగ్గర కాగితం కాలుతుంది, కన్ను కూడా.

చెల్లెలి తప్పు, నా తప్పు

మొదటి లెక్క, అంటే 30 సెంటీమీటర్లది, చెల్లెలు ముందు తనకు తానే చేసింది. మైనస్‌లు దానికి చిరాకు. అన్నీ తీసేసి, ఉత్త అంకెలతో చేసింది. 1/45 − 1/30 అని వేసి 90 తెచ్చింది. ముందు మైనస్ వస్తే దాన్నీ కొట్టేసింది. "90 కరెక్టే గదక్కా?" అంది.

90 కరెక్టే. కానీ అది జవాబుగా ఏం రాసిందంటే, ప్రతిబింబం అద్దం ముందు 90 సెంటీమీటర్ల దగ్గర, కాగితం మీద పట్టుకోవచ్చు, తలకిందులు. సరే పట్టుకో అన్నాను. మొహం 30 దగ్గర పెట్టి, కార్డు 90 దగ్గర పెట్టి ఎంతసేపు వెతికినా ఏమీ పడలేదు. అద్దంలో మాత్రం తన ముక్కు మూడు రెట్లు పెద్దదై కనిపిస్తోంది. అప్పుడు అర్థమైంది దానికి. అంకె సరిగ్గా వచ్చినా అది అద్దానికి ఏ వైపు ఉందో తప్పితే మొత్తం తప్పే. గుర్తు అంటే అలంకారం కాదు, అది చిరునామా.

దాన్ని కోప్పడబోయి ఆగిపోయా. నేను రోడ్డు మీద చేసింది కూడా ఇట్లాంటిదే. అద్దం నాకు ఒక సమాచారం ఇచ్చింది, నేను దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా చదువుకున్నా.

ఇక లారీ లెక్క

బండి పక్క అద్దం కుంభాకారం. లెక్క కోసం దాని నాభ్యంతరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. లారీ 12 మీటర్ల వెనక ఉందనుకుందాం, అంటే 1200 సెంటీమీటర్లు. ఎత్తు 3 మీటర్లు.

యు = −1200, ఎఫ్ = +60. 1/వి = 1/60 + 1/1200 = 21/1200. వి = సుమారు +57. ఎమ్ = +1/21.

ప్రతిబింబం ఎక్కడుంది? అద్దం వెనక 57 సెంటీమీటర్ల దగ్గర. ఎంతుంది? 300ను 21తో భాగిస్తే సుమారు 14 సెంటీమీటర్లు. మూడు మీటర్ల లారీ 14 సెంటీమీటర్ల ఆటబొమ్మ అయింది.

ఇప్పుడు లారీ 6 మీటర్ల దగ్గరికి వచ్చిందనుకోండి. వి = 54.5. ఎమ్ = 1/11. లారీ ఆరు మీటర్లు ముందుకు దూకితే, అద్దం వెనక ప్రతిబింబం కదిలింది రెండున్నర సెంటీమీటర్లే. వెనక ఉన్న రోడ్డంతా, లారీలు, బస్సులు, గుట్ట, ఆకాశం, అన్నీ అద్దం వెనక 60 సెంటీమీటర్లలోపే సర్దుకొని ఉంటాయి. ఎంత దూరపు వస్తువైనా 60 దాటదు.

ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు తికమక అయింది. ప్రతిబింబం అంత దగ్గరుంటే లారీ ఎందుకు దూరంగా అనిపించింది? కారణం మన కన్ను. రోడ్డు మీద కన్ను దూరాన్ని టేపుతో కొలవదు. లారీ సైజు మనకు ముందే తెలుసు. అది కంటికి ఎంత కోణంలో కనిపిస్తే దాన్ని బట్టి, ఇంత చిన్నగా ఉంది కాబట్టి ఇంత దూరం అని మనసు లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క మనం చిన్నప్పటి నుంచి ఇంట్లో చదునైన అద్దం ముందు నేర్చుకున్నది. చదునైన అద్దంలో ప్రతిబింబం ఉన్నంతే ఉంటుంది, ఎమ్ ఎప్పుడూ 1. కాబట్టి అక్కడ ఆ లెక్క తప్పదు.

బండి అద్దం కంటికి 60 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. కంటి నుంచి ప్రతిబింబం దాకా 60 + 57 = 117 సెంటీమీటర్లు. 14.3ను 117తో భాగిస్తే 0.122. అదే చదునైన అద్దమైతే 300ను 1260తో భాగించాలి, 0.238. అంటే కుంభాకార దర్పణంలో లారీ కంటికి సగం మాత్రమే కనిపిస్తోంది. సగం కనిపిస్తే మనసు దూరాన్ని రెట్టింపు చేస్తుంది. 12 మీటర్ల లారీ 24 మీటర్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది.

దీన్ని సెకన్లలోకి మార్చుదాం. లారీ వేగం గంటకు 54 కిలోమీటర్లు అంటే సెకనుకు 15 మీటర్లు. మలుపు కోసం తగ్గించిన నా వేగం గంటకు 18 అంటే సెకనుకు 5 మీటర్లు. లారీ నా మీదికి సెకనుకు 10 మీటర్ల చొప్పున వస్తోంది. నాకు 2.4 సెకన్లు ఉన్నాయనుకున్నా. ఉన్నది 1.2 సెకను. "ఇంకా టైముందిలే" అని నేను అనుకున్నది ఆ లేని 1.2 సెకనునే. ఆరోజు డ్రైవరన్న కాలు బ్రేకు మీద సమయానికి పడింది కాబట్టి ఈ లెక్క నేను రాస్తున్నా.

మరి ఇట్లా మోసం చేసే అద్దం బండికి ఎందుకు పెడతారు? నాయన ఇదే అడిగాడు. జవాబు కూడా ఆ ఎమ్‌లోనే ఉంది. ప్రతి వస్తువూ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి అరచేతంత అద్దంలో రోడ్డు వెడల్పంతా పడుతుంది. చదునైన అద్దంలో అదే లారీ మొత్తం కనిపించాలంటే రెట్టింపు ఎత్తు అద్దం కావాలి. పక్క నుంచి వచ్చే సైకిలు, అటు దాటే పిల్లోడు అసలే కనిపించరు. ఘాట్ రోడ్ల మలుపుల్లో పెట్టే పెద్ద అద్దాలు కూడా ఇందుకే కుంభాకారాలు. అది "ఎవరున్నారు?" అన్న ప్రశ్నకు బాగా జవాబు చెప్పే అద్దం. "ఎంత దూరంలో ఉన్నారు?" అని దాన్ని అడగకూడదు. కొన్ని కార్ల అద్దాల మీద, ఇందులో కనిపించేవి కనిపించినదానికంటే దగ్గరున్నాయని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. నాయన బండి అద్దం మీద అది లేదు. ఉన్నా నేను చదివేదాన్ని గానీ, అర్థం చేసుకునేదాన్ని కాదేమో.

బండి నడిపేవాళ్ళకు

మన క్లాసులో సగం మంది బండి మీదే వస్తారు కాబట్టి చెప్తున్నా. అద్దంలో వెనక బండి ఉందని తెలియగానే, తిరిగే ముందు ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూడండి. మధ్యలో అద్దం లేని కంటికి ఆ రెట్టింపు తప్పు లేదు. తిరిగి చూసే వీలు లేకపోతే అద్దంలో రెండుసార్లు చూడండి. 12 నుంచి 6 మీటర్లకు వస్తే బొమ్మ 1/21 నుంచి 1/11 అవుతుంది, అంటే దాదాపు రెట్టింపు. రెండో చూపుకు బొమ్మ పెరిగిందంటే అది మీదికి వస్తోందని అర్థం, అప్పుడు ఆగండి. చిన్నగా ఉందా పెద్దగా ఉందా అని కాదు, పెరుగుతోందా లేదా అని చూడాలి.

అమ్మ పదో తరగతి దాకా కూడా చదవలేదు. "తిరిగి నోడు" అన్నప్పుడు ఆమెకు ఆవర్ధనం తెలియదు. తనకూ బండి అద్దం మీద నమ్మకం లేదంతే. నేను సూత్రం తెలిసీ తిరిగి చూడలేదు.

చెల్లెలికి పోయిన వారం బడిలో పరీక్ష అయింది. నిమ్న దర్పణ లెక్క వచ్చిందట. మైనస్‌లన్నీ పెట్టానని, జవాబు కింద "అద్దం వెనక, నిటారు" అని మాటల్లో కూడా రాశానని చెప్పింది. మార్కులు ఇంకా రాలేదు.

నాయన గడ్డం అద్దాన్ని, ఒక పోస్టుకార్డును వచ్చే శుక్రవారం డిపార్ట్‌మెంట్ గదికి తెస్తున్నా. మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ దగ్గర పెడతా. మన కాలేజీ వేపచెట్టును తలకిందులుగా కార్డు మీద చూడాలనుకున్నవాళ్ళు రండి. మేడమ్ గారిని కూడా అడిగాను, వస్తామన్నారు. శనివారం పొద్దున నాయన గడ్డం గీసుకునే లోపల అద్దాన్ని ఇంట్లో పెట్టేయాలి.

— ద్వితీయ సంవత్సరం బి.ఎ. విద్యార్థిని